బాబా, పాపా? ఎన్నేళ్లు? గుంటూరులో ఒక ఫ్యాన్సీ డ్రెస్ దుకాణం

గుంటూరు బ్రాడీపేటలోని ఒక అడ్డరోడ్డులో, మేడమెట్ల పక్కనుంచి లోపలికి సాగే ఇరుకైన పొడవాటి గదిలో, పిల్లలకు ఫ్యాన్సీ డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణం ఒకటి ఉంది. భార్యాభర్తలిద్దరూ కలిసి నడుపుతున్నారు. ఆయన ముందు బల్ల దగ్గర కూర్చుని రసీదులు, డిపాజిట్లు చూసుకుంటారు. ఆమె గది చివర రెండు కుట్టుమిషన్ల మధ్య కూర్చుని, చిరిగినవి సరిచేస్తూ, కొత్తవి కుడుతూ ఉంటారు. గత నాలుగేళ్లలో నేను అక్కడ ఆరుసార్లు దుస్తులు తీసుకున్నాను. మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి మూడుసార్లు, యూకేజీలో ఉన్న మా అమ్మాయికి రెండుసార్లు, ఏడో తరగతికి వచ్చిన మా అక్క కూతురికి ఒకసారి. ఇన్నిసార్లు వెళ్లానంటే అది మంచి దుకాణమేనని వేరుగా చెప్పనక్కరలేదు. అయినా దాని పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన లోపం, అంటే పిల్లల వేషాలను ఆడా మగా అని విడదీయడం, ఆ ఒక్క దుకాణానిది కాదు, అక్కడికి వెళ్లే నాలాంటి తల్లిదండ్రులకూ, మమ్మల్ని పంపే పాఠశాలలకూ అందులో వాటా ఉంది.

ముందుగా దుకాణం సంగతి. దుస్తులన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, జిప్పు కవర్లలో వేలాడుతుంటాయి. 18 నుంచి 36 దాకా సైజుల అంకెలు మెడపట్టీ లోపల నల్ల ఇంకుతో రాసి ఉంటాయి. ఒక్కో దుస్తుకు కావలసిన చిల్లర సామాను, అంటే టోపీ, బెల్టు, ఈల, ప్లాస్టిక్ స్టెతస్కోపు, లాఠీ, భుజం మీది నక్షత్రాలు, ఒక సంచిలో కట్టి అదే హ్యాంగరుకు తగిలిస్తారు. ఏ సంచిలో ఏమున్నాయో చిన్న చీటీ కూడా పెడతారు, తిరిగి ఇచ్చేటప్పుడు తగాదా రాకుండా. మామూలు రోజుల్లో ఒక రోజు అద్దె 250 రూపాయలు, డిపాజిట్ 500. మరునాడు సాయంత్రం లోపల ఇచ్చేస్తే డిపాజిట్ మొత్తం వెనక్కి వస్తుంది. ఒకసారి మా అబ్బాయి పోలీసు టోపీ ఎలాస్టిక్ తెంపేసినా ఆమె నవ్వి, అక్కడికక్కడే కుట్టి, రూపాయి కూడా కోయలేదు. నడుము దగ్గర వదులైతే నాలుగు కుట్లు వేసి బిగించి ఇస్తారు. బూట్లు మాత్రం ఇవ్వరు, మనమే చూసుకోవాలి. నలక, మరక ఉన్న దుస్తు నాకు ఒక్కసారి కూడా రాలేదు. పట్టణంలో ఇంత శ్రద్ధగా నడిచే అద్దె దుకాణం మరొకటి నేనెరగను.

ఇక లోపలికి అడుగు పెట్టగానే ఏం జరుగుతుందో చెబుతాను. "కమ్యూనిటీ హెల్పర్స్ డే ఉందండీ" (బడిలో పిల్లలు రకరకాల పనులు చేసేవారి వేషాలు వేసే రోజు) అనగానే ఆయన తల ఎత్తకుండానే రెండు ప్రశ్నలు వేస్తారు: "బాబా, పాపా? ఎన్నేళ్లు?" పిల్ల ఏం కావాలనుకుంటోందన్న ప్రశ్న మూడోదిగానైనా రాదు. గదికి కుడివైపు మగపిల్లల దుస్తులు వేలాడే కమ్మీ, ఎడమవైపు ఆడపిల్లల కమ్మీ. కుడివైపున పోలీసు, సైనికుడు, పైలట్, ఇంజనీరు, అగ్నిమాపక సిబ్బంది, కండక్టరు, పోస్టుమాన్, రైతు, సైంటిస్టు, లాయరు, రాజకీయ నాయకుడు, వంట మాస్టరు. ఎడమవైపున టీచరు, నర్సు, ఎయిర్ హోస్టెస్, కలెక్టరమ్మ, పల్లెపడుచు. డాక్టరు కోటు ఒక్కటే రెండువైపులా ఉంటుంది. మొదటి జవాబు కుడో ఎడమో తేలుస్తుంది, రెండో జవాబు ఆ కమ్మీ మీద ఏ మూలకు చెయ్యి పోవాలో తేలుస్తుంది. ఒక పిల్ల ఒక పూటపాటు ఏ పని మనిషిగా కనిపించాలన్నది ఆ రెండు జవాబులతోనే ముగిసిపోతుంది.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో శిశు మనోవిజ్ఞానం బోధిస్తాను. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని ఏటా పాఠంగా చెబుతాను. పిల్లలు ఉద్యోగాలను ఎంచుకోవడం కన్నా ముందు ఉద్యోగాలను తీసిపారేయడం నేర్చుకుంటారని ఆమె అంటారు. మూడు నుంచి ఐదేళ్ల మధ్య వారికి తెలిసిన తేడా పెద్దా, చిన్నా, బలమా, కాదా అన్నదే. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఆడపని, మగపని అనే గీత పడుతుంది, తమ గీతకు అవతల ఉన్న పనులన్నీ అప్పుడే రాలిపోతాయి. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య హోదా అనే రెండో గీత పడి, తక్కువగా తోచినవి రాలిపోతాయి. పద్నాలుగేళ్లు దాటాక, తనకు నిజంగా ఏది ఇష్టమో, తనకు ఏది చేతనవుతుందో ఆలోచించే శక్తి వచ్చేసరికి, ఎదురుగా మిగిలినవి కొన్నే ఉంటాయి. ఒకసారి రాలినదాన్ని తిరిగి ఏరుకోవడం చాలా అరుదు. పాఠం చెప్పడం ఒక ఎత్తు, మా ఇంటి ముగ్గురు పిల్లలను ఆ రెండు కమ్మీల మధ్య నిలబెట్టి చూడడం మరొక ఎత్తు అని ఈ దుకాణంలోనే తెలిసింది.

మొన్నటి వేడుకకు మా అమ్మాయిని ఏ వేషం కావాలని ఇంట్లోనే అడిగాను. ఆలోచించకుండా "జేసీబీ నడిపే వేషం" అంది. మా వీధి చివర కాలువ తవ్వకం జరిగినన్నాళ్లూ రోజూ గంటసేపు అక్కడ నిలబడి చూసిన పిల్ల అది. ఐదేళ్ల పిల్లకు ఆ పచ్చటి యంత్రం ఎంత పెద్దదన్నదే ముఖ్యం, దాన్ని నడిపేది ఆడా మగా అన్న ఊహే ఆమెకు ఇంకా లేదు. దుకాణంలో ఆ మాట చెప్పగానే ఆయన నవ్వి, "పాపకా అమ్మా? పాపకు నర్సు బాగుంటుంది, టీచరు బాగుంటుంది, ఎయిర్ హోస్టెస్ కొత్తది కుట్టాం, చూడండి" అన్నారు. ఆయన మాటలో చులకన ఏమీ లేదు, బిడ్డకు అందంగా ఉండేదేదో చూపించాలన్న ఆదరమే ఉంది. నేను మళ్లీ అడిగితే కుడివైపు కమ్మీ మీదినుంచి ఇంజనీరు సెట్టు తీశారు: పచ్చ శిరస్త్రాణం, వెండి పట్టీల నారింజరంగు కోటు. అందులో అన్నిటికన్నా చిన్నది 26 సైజు, మా అమ్మాయికి 22 కావాలి. అంటే ఇంజనీరు కావాలంటే మగపిల్లవాడై ఉండడమే కాదు, ఏడేళ్లు కూడా దాటాలన్నమాట. ఎడమవైపు కమ్మీ మీద నర్సు 18 సైజు నుంచే ఉంది.

ఆ సైజుల తేడా నన్ను చాలాసేపు వదలలేదు. అమెరికాలో లిన్ బియాన్, సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియాన్ అనే ముగ్గురు 2017లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలకు చాలా చాలా తెలివైన ఒక మనిషి కథ చెప్పి, ఆ మనిషి వీరిలో ఎవరై ఉంటారని ఆడవారి, మగవారి బొమ్మలు చూపించి అడిగారు. ఐదేళ్ల ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా తమవారినే చూపించారు. ఆరు, ఏడేళ్లకు వచ్చేసరికి ఆడపిల్లలు అలా చూపించడం తగ్గిపోయింది. చాలా తెలివైన పిల్లలకని చెప్పిన ఆట మీద వారికి ఆసక్తి కూడా తగ్గింది. ఐదుకూ ఆరుకూ మధ్య ఏడాదే తేడా. మన పిల్లలు యూకేజీలో, ఒకటో తరగతిలో ఉండే వయసు అది, వేషాల పండుగలు ఎక్కువగా జరిగే వయసు కూడా అదే. ఆ ఏడాది దుకాణం కమ్మీ మీద ఏ సైజులు ఉన్నాయన్నది చిన్న విషయంగా నాకు తోచడం లేదు.

మా అబ్బాయి కథ వేరు. వాడికి ఐదేళ్లప్పుడు ఇదే దుకాణంలో కండక్టరు వేషం తీసుకున్నాం. చర్మపు సంచి, టికెట్ల కట్ట, ఈల. ఆ రోజంతా ఇంట్లో "రైట్ రైట్" తప్ప వేరే మాట లేదు. ఈసారి వాడి తరగతికి ఇచ్చిన చీటీలో వంటమనిషి అని వచ్చింది. తెల్ల టోపీ, ముందు కట్టుకునే ఏప్రన్ చూడగానే వాడు రెండడుగులు వెనక్కి వేసి, "వంట ఆడవాళ్లు చేసేది, నేను వేసుకోను" అన్నాడు. నెల కిందట మా తమ్ముడి పెళ్లిలో పందిరి వెనక గాడిపొయ్యి దగ్గర గరిటెలు తిప్పినవారందరూ మగవారేనని వాడు చూశాడు, వారి దగ్గర నిలబడి వేడి వేడి బూందీ తిన్నాడు కూడా. ఆ మాట గుర్తు చేస్తే, "వాళ్లు వంట మాస్టర్లు, ఇది వంటమనిషి" అన్నాడు. పనికి డబ్బు, పేరు వస్తే మగపని, రాకపోతే ఆడపని అని ఎనిమిదేళ్లకే లెక్క తేల్చుకున్న మాట అది. నేను వాడికి ఎన్నడూ అలా చెప్పలేదు. ఇంట్లో వాడి నాన్న వారానికి మూడు రోజులు వంట చేస్తారు. అయినా ఆ గీత ఎక్కడినుంచో వచ్చి పడింది.

పని ఎవరు చేస్తున్నారన్నదాన్ని బట్టే పిల్లలు దాని విలువను కూడా కడతారని లిన్ లిబెన్, ఆమె సహచరులు 2001లో చూపించారు. పిల్లలకు ముందెన్నడూ వినని, తాము కల్పించిన ఉద్యోగాల పేర్లు చెప్పి, కొన్నిటిని మగవారు చేస్తున్నట్టు, కొన్నిటిని ఆడవారు చేస్తున్నట్టు బొమ్మలు చూపించారు. పని అదే అయినా బొమ్మలో మగవారు ఉంటే ఆ పనికి హోదా ఎక్కువని పిల్లలు చెప్పారు. మా అబ్బాయి వంటమనిషిని, వంట మాస్టరును వేరు చేసిన తీరు చూశాక ఆ ఫలితం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. మగపిల్లల మీద ఈ బిగింపు ఇంకా గట్టిదని కూడా ఈ దుకాణం చూపిస్తుంది. ఆడపిల్ల పోలీసు వేషం అడిగితే ఆయన కొంచెం తటపటాయించి అయినా ఇస్తారు, బడిలో అందరూ చప్పట్లు కొడతారు. మగపిల్లవాడికి నర్సు వేషం కావాలంటే ఆ దుకాణంలో అసలు లేదు, ఎందుకంటే నర్సు దుస్తు అంటే గౌను మాత్రమే. ఆసుపత్రుల్లో మగ నర్సులు ఎంతమంది పనిచేస్తున్నారో మనందరం చూస్తూనే ఉన్నాం. వారు వేసుకునే చొక్కా, ప్యాంటు కుట్టడం గౌను కుట్టడం కన్నా కష్టమేమీ కాదు.

మా అక్క కూతురికి పన్నెండేళ్లు. ఆమె బడిలో కొంచెం పెద్ద పిల్లలకు పెట్టిన అంశం "నేను పెద్దయ్యాక". తనను కుడివైపు కమ్మీ దగ్గరకు తీసుకెళ్లి నీ ఇష్టం అన్నాను. కండక్టరు ఖాకీ చొక్కా చూపిస్తే, "ఛీ పిన్నీ, అది వేసుకుంటే మా క్లాసులో అందరూ నవ్వుతారు" అంది. పోస్టుమాన్ వద్దంది, రైతు వద్దంది. ఆడా మగా అన్న పేచీ ఆమె ఎత్తనే లేదు, హోదా ఒక్కటే చూసింది. చెల్లెలికి జేసీబీ ఎందుకు ఇవ్వరని దుకాణదారుతో వాదించిన పిల్లే, ఆ జేసీబీ తనకైతే పనికిరాదంది. చివరకు సైంటిస్టు అంది. ఆయన తీసి ఇచ్చిన సంచిలో తెల్ల కోటుతో పాటు చెదిరిన తెల్ల విగ్గు, అంటించుకునే తెల్ల మీసం ఉన్నాయి. "మీసం లేకుండా ఇవ్వండి" అంటే, "మీసం లేకపోతే డాక్టరనుకుంటారమ్మా" అన్నారు ఆయన.

ఆ మాట విన్నప్పుడు డేవిడ్ వేడ్ చేంబర్స్ లెక్క గుర్తొచ్చింది. 1983లో ఆయన ప్రచురించిన పరిశోధనలో 4807 మంది చిన్న తరగతుల పిల్లలను ఒక శాస్త్రవేత్త బొమ్మ గీయమంటే, స్త్రీని గీసినవారు 28 మంది, ఆ 28 మందీ ఆడపిల్లలే. తరగతి పెరిగేకొద్దీ ఆ బొమ్మల్లో కళ్లజోడు, గడ్డం, తెల్లకోటు, గాజు సీసాలు పెరుగుతూ పోయాయి. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో గీయించిన బొమ్మలన్నిటినీ కలిపి 2018లో చూసినప్పుడు స్త్రీ శాస్త్రవేత్తల బొమ్మలు సగటున 28 శాతానికి పెరిగాయని తేలింది. లోకంలో పనిచేసే స్త్రీలు పెరిగినకొద్దీ పిల్లల ఊహ కూడా మారుతుందనడానికి అది మంచి సాక్ష్యం. కానీ అందులోనే ఇంకో సంగతి కూడా ఉంది: ఐదారేళ్ల పిల్లలు ఆడవారిని, మగవారిని దాదాపు సమానంగా గీస్తారు, పెద్దవుతున్నకొద్దీ మగవారి బొమ్మలే ఎక్కువవుతాయి. పిల్ల పుట్టుకతో మీసం ఊహించుకోదు, ఆ మీసం ఏదో ఒక సంచిలోంచి వస్తుంది. మా అక్క కూతురు మీసం, విగ్గు తీసి బల్ల మీద పెట్టి, కోటు ఒక్కటే తీసుకుంది. వేదిక మీద అగ్ని క్షిపణుల తయారీలో పనిచేసిన టెస్సీ థామస్ గురించి నాలుగు వాక్యాలు చెప్పింది. తను వేసింది సైంటిస్టు వేషమేనా అని ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రెండు కమ్మీల మీద నన్ను అన్నిటికన్నా బాధపెట్టినవి రైతు, పల్లెపడుచు. కుడివైపు రైతు: పంచె, తలపాగా, భుజాన చెక్క నాగలి. ఎడమవైపు పల్లెపడుచు: పూల లంగా, ఓణీ, నడుముకు వడ్డాణం, చేతిలో ఖాళీ బుట్ట. ఒకే పొలం, ఒకే ఊరు. మగపిల్లవాడు ఆ పొలంలో పని చేసేవాడు, ఆడపిల్ల ఆ పొలానికి అలంకారం. ఇది గుంటూరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి కోతలకు తెల్లవారకముందే ఆటోల నిండా వెళ్లేది ఎవరో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. వరి నాట్లు, కలుపుతీత, పత్తి ఏరడం, మిరపకాయ తొడిమలు తీయడం ఆడవారి చేతుల మీదే నడుస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పని చేస్తున్న స్త్రీలలో సుమారు 65 శాతం మంది సాగుదారులుగానో, వ్యవసాయ కూలీలుగానో ఉన్నారు. అంత పెద్ద పనికి ఆడపిల్లల కమ్మీ మీద ఒక్క దుస్తు లేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, మగవాళ్ల పాత చొక్కా పైన తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటే చాలు, అది ఈ జిల్లాలో ఏ పొలం గట్టు మీదికి వెళ్లినా కనిపించే వేషం.

రాజకీయ నాయకుడి ఖద్దరు చొక్కా, కండువా కూడా కుడివైపే ఉన్నాయి. మన రాష్ట్రంలో సర్పంచి పదవుల్లో సగం స్త్రీలకు కేటాయించినవి. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో 495 గ్రామాలను చూసి లోరీ బీమన్, ఎస్తర్ డఫ్లో, రోహిణీ పాండే, పెటియా తొపలోవా 2012లో రాసిన అధ్యయనం మా విద్యార్థులకు నేను తప్పక చెప్పేది. ఎక్కడైతే ప్రధాన్ పదవి, అంటే మన సర్పంచిలాంటిది, వరుసగా రెండుసార్లు స్త్రీలకు కేటాయించబడిందో, అక్కడ యుక్తవయసులోకి వస్తున్న ఆడపిల్లల ఆశలకూ మగపిల్లల ఆశలకూ మధ్య ఉన్న దూరం 32 శాతం తగ్గింది. తల్లిదండ్రులు తమ ఆడపిల్లల మీద, మగపిల్లల మీద పెట్టుకునే ఆశల మధ్య దూరం కూడా తగ్గింది. ఒక్కసారి కేటాయించినంత మాత్రాన కాదు, రెండుసార్లు, అంటే ఏళ్ల తరబడి కళ్లముందు కనిపిస్తే ఆ మార్పు వచ్చింది. కమ్మీ మీద ఒక సర్పంచి చీర, కండువా వేలాడదీస్తే ఊరు మారిపోతుందని నేను అనడం లేదు. ఊళ్లో ఇప్పటికే ఉన్నది పిల్లలకు కనబడకుండా ఎందుకు చేయాలన్నదే నా ప్రశ్న.

ఈ సంగతులన్నీ నేను ఆమెతో, అంటే గది చివర కుట్టుమిషన్ దగ్గర కూర్చునే ఆమెతో, మాట్లాడాను. ఆమె నొచ్చుకోలేదు. "మీరు చెప్పింది నిజమేనమ్మా, కానీ అడిగేవాళ్లు లేకుండా కుట్టి పెడితే అవి కవర్లలోనే పాడైపోతాయి. మూడేళ్ల కిందట పాపలకని చిన్న సైజులో పైలట్ కుట్టాను. అద్దెకు పోయింది రెండుసార్లే. ఎయిర్ హోస్టెస్ నెలకు నాలుగుసార్లు పోతుంది. తల్లులే ఎడమవైపుకు నడుస్తారు" అన్నారు. ఈ మాటను నేను తేలికగా తీసుకోలేదు. ప్రపంచంలో విమానాలు నడిపే స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న దేశాల్లో మనది ముందుంది. హైదరాబాదు మెట్రో 2017లో మొదలైనప్పటినుంచీ రైళ్లు నడుపుతున్నవారిలో తెలంగాణ పల్లెలనుంచి వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. మన ఆర్టీసీ బస్సుల్లో చీర మీద ఖాకీ చొక్కా వేసుకున్న కండక్టరమ్మ మా అమ్మాయికి రోజూ టికెట్టు కొడుతుంది. ఇవన్నీ తెలిసిన తల్లులమే దుకాణంలోకి వచ్చేసరికి ఎడమవైపు నడుస్తున్నాం. నేనూ మొదటి ఏడాది మా అమ్మాయికి టీచరు చీర తీసుకుని, ముచ్చటపడి ఫొటోలు దిగి వచ్చినదాన్నే.

ఆమె స్వయంగా చేసే పనికి కూడా ఆ దుకాణంలో వేషం లేదు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, చేతిలో కత్తెర ఉంటే దర్జీ వేషం సిద్ధం. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, కరెంటు స్తంభమెక్కే లైన్‌మాన్, తెల్లవారుజామున వీధులూడ్చే పారిశుధ్య కార్మికులు, వీరిలో చాలామందికి నిజంగానే యూనిఫాం ఉంది, పిల్లలు రోజూ చూస్తారు, అయినా బడి వేడుకలో వీరెవరూ కనబడరు. తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు హోదా గీత పడేది ఈ ఖాళీలోనే అని నా అనుమానం.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పాలి. "డాక్టరు గారు వచ్చారు" అన్నప్పుడు వచ్చినవారు ఆడో మగో ఆ క్రియను బట్టి తెలియదు. "డ్రైవరు వచ్చాడు", "పనిమనిషి వచ్చింది" అన్నప్పుడు క్రియే చెప్పేస్తుంది. అంటే గౌరవం ఇచ్చిన పనులకు తెలుగు రెండు తలుపులూ తెరిచి ఉంచుతుంది. గౌరవం తీసేసిన పనులకు ఆడా మగా అన్న ముద్ర కూడా వేసేస్తుంది. పిల్లలు మాటలు నేర్చుకునేటప్పుడే ఈ రెండు గీతలనూ కలిపి నేర్చుకుంటున్నారు. జర్మన్, డచ్ మాట్లాడే పిల్లలకు ఉద్యోగాల పేర్లను పురుషవాచకంతో పాటు స్త్రీవాచకంతో కూడా కలిపి చెప్పినప్పుడు, మగపనులనుకునే వాటిమీద ఆడపిల్లల ఆసక్తి పెరిగిందని 2013లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. మనకు అంత కష్టం కూడా లేదు, డ్రైవరు గారు వచ్చారంటే సరిపోతుంది. కొన్నాళ్లుగా మా ఇంట్లో అందరం అలాగే అంటున్నాం. దుకాణంలో కూడా కవర్ల మీద "అగ్నిమాపక సైనికుడు", "రాజకీయ నాయకుడు" అని కాక "అగ్నిమాపకం", "సర్పంచి" అని రాస్తే బాగుంటుందని ఆమెకు చెప్పాను.

మా అమ్మాయి సంగతికి వస్తే, కుట్టుమిషన్ దగ్గరి ఆమె ఆ నారింజరంగు కోటు 26 సైజును రెండు పక్కలా లోపలికి మడిచి, శిరస్త్రాణానికి పట్టీ బిగించి, అద్దె పెంచకుండా ఇచ్చారు. బడిలో ఏం చెప్పాలని మా అమ్మాయి అడిగితే, మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టి, పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డను పెట్టుకుని 1940లలో గిండీ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన అయ్యలసోమయాజుల లలిత గురించి చెప్పాను. ఆమె పట్టా కాగితం మీద ఇంగ్లీషులో అతడు అని అచ్చయి ఉన్నచోట కొట్టేసి ఆమె అని చేత్తో రాయవలసి వచ్చిందని, భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ జనరేటర్ల పనిలో ఆమె పాలుపంచుకున్నారని చెప్పాను. మా అమ్మాయికి అందులో నచ్చింది ఆనకట్ట ఒక్కటే, అది జేసీబీ కన్నా పెద్దదని. వేదిక మీద "నేను పే...ద్ద డ్యాము కడతాను" అని దిగిపోయింది. ఐదేళ్ల వయసుకు అది చాలు. అబ్బాయి చివరికి ఏప్రన్ కట్టుకున్నాడు గానీ, మెడలో "వంట మాస్టరు" అని అట్టముక్క తగిలించుకుంటేనే.

ఈ దుకాణానికి వెళ్లదలచినవారికి నా సలహా ఇది. శుభ్రతకు, కుట్టుపనికి, డబ్బు వ్యవహారానికి కళ్లు మూసుకుని వెళ్లవచ్చు. పిల్లలను వెంట తీసుకెళ్లండి, "బాబా, పాపా?" అన్న ప్రశ్నకు జవాబుగా సైజు అంకె చెప్పండి, వేషం పేరు పిల్ల నోటితోనే చెప్పించండి. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలైతే రెండు కమ్మీలూ చూపించకుండా ఏదీ ఖాయం చేయకండి. దుస్తులను ఆడా మగా అని కాకుండా సైజు వరుసలో వేలాడదీయమని నేను ఆ దంపతులను కోరాను. పండుగ రద్దీలో వెతుక్కోవడం కష్టమవుతుందని ఆయన ఒప్పుకోలేదు. ఆమె మాత్రం 22 సైజులో ఇంజనీరు కోటు ఒకటి, 24లో మిర్చికోత చీర, చొక్కా ఒక జత, 28లో మగ నర్సు దుస్తు ఒకటి కుట్టడానికి ఒప్పుకున్నారు, ఏడాదిలో నాలుగైదుసార్లయినా అద్దెకు పోవాలన్న మాట మీద. మొదటిసారి ఆ మూడూ మేమే తీసుకుంటామని 600 రూపాయలు ముందుగా ఇచ్చి వచ్చాను. నవంబరు 14కు కావలసినవారు పదిరోజుల ముందే వెళ్లి పేరు రాయించుకోవాలి, ఆ వారం రద్దీ ఎక్కువ, పైగా 22 సైజు కోటు ఒక్కటే ఉంటుంది.